ఆటస్థలంలో ఆరబోసిన వడ్లు

డ్రిల్లు మాష్టారంటే బడిలో పనిలేని మాష్టారని లోకానికి గట్టి నమ్మకం. లెక్కల మాష్టారు సెలవు పెడితే ఆ క్లాసులో కూర్చోవడానికి, ఆగస్టు పదిహేనుకి జెండా కర్ర పాతడానికి, ఇన్‌స్పెక్టరు వస్తే బజారుకెళ్ళి అరటిపళ్ళు తేవడానికి ఒక మనిషి కావాలి కదా, ఆ మనిషన్నమాట. నేను ఆ ఉద్యోగం రిటైరయ్యేదాకా చేశాను. అరటిపళ్ళు మాత్రం ఒక్కసారి కూడా తేలేదు.

ఈ మధ్య కొత్తగా డ్రిల్లు మాష్టార్లుగా చేరిన కుర్రవాళ్ళు కొందరు నా దగ్గరికొచ్చారు. ఆటల పీరియడ్ తమకు ఇవ్వడం లేదని, ఇచ్చినా ఆ గంటలో పిల్లల్ని ఏదో ఒక పనికి పంపేస్తున్నారని చెప్పుకున్నారు. ఏం చెయ్యమంటారని అడిగారు. సలహాలివ్వడం నాకు చేతకాదు. మా వంశంలో సలహా విన్నవాడూ లేడు, ఇచ్చి బాగుపడినవాడూ లేడు. అందుకని జరిగింది ఒకటి చెబుతాను. మీకేది పనికొస్తుందో అది తీసుకోండి.

ఎనభైల మొదట్లో నేను పనిచేసిన బడి భీమవరానికి దిగువన, కాలువ గట్టు పక్కనే ఉండేది. ఊరి పేరు రాయను. ఆ ఊరివాళ్ళకి నా మీద కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు. అది ఎయిడెడ్ ఎలిమెంటరీ స్కూలు. అంటే జీతాలు ప్రభుత్వానివి, పెత్తనం బడి పెట్టినవాళ్ళది. ఆ పెట్టినవాళ్ళు మా తాతగారు. స్థలం ఆయనిచ్చిందే, పెంకుటిల్లు ఆయన వేయించిందే. ఐదో తరగతి దాకా ఉన్న బడికి డ్రిల్లు మాష్టారి పోస్టు ఎక్కడా ఉండదు. మా తాతగారు పైఅధికారుల చుట్టూ తిరిగి, పట్టుబట్టి మంజూరు చేయించారు. పిల్లవాడికి అక్షరం ముక్క రాకపోయినా ఫరవాలేదు, నిటారుగా నిలబడడం రావాలి అనేవారట.

తరవాత మా నాన్నగారు దాయాదులతో కోర్టుకెక్కారు. వ్యాజ్యం ఒకటి గెలిస్తే ఇంకొకటి ఓడిపోయేవారు. గెలిచినదానికి పండుగ చేసేవారు, ఓడినదానికి పొలం అమ్మేవారు. చివరికి మేడ పోయింది. ఆఖర్న బడి యాజమాన్యం కూడా చేతులు మారింది. బడి పెత్తనాన్ని అమ్ముకోవచ్చా అని అడక్కండి. ఆ రోజుల్లో అమ్ముకునేవారు, కొనుక్కునేవారు కూడాను. నాకు మిగిలింది ఒక ఇంటిపేరు, రెండు ఇస్త్రీ చొక్కాలు. వ్యాయామ శిక్షణ పూర్తిచేసి, మా తాతగారు సృష్టించిన పోస్టులోనే నేను చేరాను. బంధువులు విజిల్ ఊదుకునే ఉద్యోగం అన్నారు. ఊదుకున్నాను. నెలకి జీతం వచ్చేది, ఎవడి గుమ్మం ముందూ నిలబడలేదు.

మా మేడతోపాటు బడిని కూడా కొన్న కొత్త మేనేజరు రైసు మిల్లు యజమాని. మిల్లు బడికి ఆనుకునే ఉంది, మధ్యన ఒక గోడే అడ్డం. ఆయన చెడ్డవాడని రాస్తే అబద్ధమవుతుంది. తెల్లటి బట్టలు, మెల్లటి మాట. ఒకటో తరగతి పిల్లాడిని కూడా ఏమండీ అని పిలిచేవాడు. మా నాన్నగారి హయాంలో బడి పైకప్పు వర్షానికి ధారలు కట్టేది. ఈయన వచ్చిన ఏడాదే పెంకు తీయించి రేకులు వేయించాడు. ఆయన్ని తిట్టేటప్పుడు కూడా నేను ఆ రేకుల కిందనే నిలబడి తిట్టాలి. అది నాకు గుచ్చుకునేది.

మా ఆటస్థలం నల్లరేగడి. ఒక్క వాన పడితే మోకాలి లోతు బురద. ఆ వేసవి సెలవుల్లో మేనేజరుగారు దాన్నంతా చదును చేయించి, సిమెంటు గచ్చు పోయించాడు. బడులు తెరిచిన రోజున పందిరి వేశారు. మా హెడ్మాష్టారు పద్యాలు రాసేవారు. మహా మెత్తటి మనిషి. మేనేజరుగారి దాతృత్వం మీద పద్యాలు రాసుకొచ్చి, చెమటలు కక్కుతూ రాగయుక్తంగా చదివారు. పిల్లల కాళ్ళకి మట్టంటకూడదనే తన కోరికని మేనేజరుగారు చెప్పారు. నేను కూడా సంతోషించాను. ఎందుకు సంతోషించను? ఆ సాయంత్రమే తెల్లరంగు తెచ్చి, తాడు పట్టి, చెడుగుడు కోర్టు గీశాను.

వారం తిరక్కుండానే ఒక పొద్దున బడికి వచ్చేసరికి గేటు దగ్గరే ఉడికిన వడ్ల వాసన కొట్టింది.

ఉప్పుడు బియ్యం మిల్లుల సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. వడ్లని నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి, ఆ తడి వడ్లని గచ్చు మీద పలచగా ఆరబోస్తారు. అన్ని పక్కలా సమంగా ఎండడానికి మనుషులు వరసగా నడుస్తూ, కాళ్ళతో చాళ్ళు తీస్తున్నట్టు వాటిని తిరగేస్తూ ఉండాలి. ఎండెక్కేకొద్దీ గచ్చు పెనంలా కాలుతుంది. ఆ పని ఆడవాళ్ళు చేసేవారు. ఆ బియ్యం లారీల మీద కేరళ వెళ్ళేది. గిరాకీ పెరిగింది, మిల్లు గచ్చు చాలలేదు. అందుకని మాకు ఆటస్థలం వచ్చింది.

మేనేజరుగారిని అడిగితే ఆశ్చర్యపోయాడు. పిల్లలు ఆడేది ఒక్క గంట, మిగతా ఎండంతా వృథాయే కదండీ అన్నాడు. డ్రిల్లు పీరియడ్ వేళకి ఎత్తించేస్తానన్నాడు. మొదటి రోజు ఎత్తించాడు. రెండో రోజు సగం ఎత్తించాడు. మూడో రోజు నుంచి ఎత్తలేదు. ఆ రోజుల్లోనే మా అమ్మకి జబ్బు చేస్తే కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళి, కొన్నాళ్ళు సెలవు పెట్టాను.

తిరిగొచ్చిన రోజు నేను చూసినది ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. గచ్చు నిండా వడ్లు. వాటి మీద మా బడి పిల్లలు వరసలు కట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని, కాళ్ళీడ్చుకుంటూ నడుస్తున్నారు. ముందు చిన్నవాళ్ళు, వెనక పెద్దవాళ్ళు, సరిగ్గా నేను నేర్పిన వరసే. హెడ్మాష్టారు గొడుగు పట్టుకుని గచ్చు అంచున నిలబడి లెఫ్ట్, రైట్ అంటున్నారు. నన్ను చూడగానే గొడుగు కాస్త కిందికి దించారు.

"వ్యాయామమే కదండీ," అన్నారు. "నడక సిలబస్‌లో ఉన్నదేనండి. మేనేజరుగారు అడిగారు. కాదనలేకపోయాను."

గోడ నీడలో మిల్లు కూలీ ఆడవాళ్ళు కొందరు ఊరికే కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముఠాకి పెద్దగా ఉండే ఆమె లేచి నా దగ్గరికొచ్చింది. ఎండకి నల్లబడిన పొడుగాటి మనిషి. ఆమె కూతురు మా మూడో తరగతి. ఆ వరసలోనే నడుస్తోంది.

"డ్రిల్లు మాష్టారు మీరేనాండి?" అంది. అవునన్నాను.

"మమ్మల్ని సగం మందిని రేపట్నించి రావద్దన్నారండి. ఎందుకండీ అన్నాను. మీ పిల్లలే తిప్పేత్తన్నారు గదా, ఇంక మీరెందుకు అన్నారు. మా పిల్లకి మా పని బాగా నేర్పించారండి మాష్టారు. సదువు మాత్రం ఇంకా రాలేదు."

అప్పుడు నేను సెలవులో ఉన్నానని, ఇందులో నా చెయ్యి లేదని చెప్పుకోవచ్చు. చెప్పలేదు. ఆ వరసలు నావి, ఆ లెఫ్ట్ రైట్ నాది. తల్లుల కూలి పిల్లల చేత మానిపించడానికి నా విద్య పనికొచ్చిందని ఆమె నా ముఖం మీదే చెప్పింది. మా ఇంటి మేడ వేలం పాట పాడినప్పుడు కూడా నా ముఖం అంత వేడెక్కలేదు. విజిల్ వేసి పిల్లల్ని వడ్ల మీద నుంచి దింపాను. అరికాళ్ళు చూపించమన్నాను. ఆ అరికాళ్ళ గురించి ఇక్కడ రాయను.

తిన్నగా మిల్లుకి వెళ్ళాను. మేనేజరుగారు కుర్చీ వేయించాడు, కూర్చోలేదు. పిల్లలు ఇక వడ్లు తొక్కరని చెప్పాను. ఆయన కోపం తెచ్చుకోలేదు.

"మీ తాతగారు బడి పెట్టారండి. గొప్ప సంగతే," అన్నాడు. "మీ నాన్నగారు దానికి కప్పు వెయ్యలేకపోయారు. నేను వేశాను. ఆ పిల్లలు నా కప్పు కింద కూర్చుంటున్నారు. ఒక గంట నా గచ్చు మీద నడిస్తే తప్పేంటండీ?"

"కప్పుకి అద్దె పిల్లల దగ్గర వసూలు చెయ్యడం తప్పండి," అన్నాను.

మర్నాటి నుంచి డ్రిల్లు పీరియడ్‌ని కాలువ గట్టు మీదికి మార్చేశాను. సన్నటి గట్టు. ఒక పక్క కాలువ, ఒక పక్క వరి చేలు. చెడుగుడు ఆడితే సగంమంది బురదలో తేలేవారు. ఆడారు. గోచీలు పెట్టుకుని, అరుచుకుంటూ, ఊళ్ళో దారిన పోయేవాళ్ళందరూ ఆగి చూసేలా ఆడారు. హెడ్మాష్టారు నాకు మెమో ఇచ్చారు.  పాపం, మెమో మొదటి వాక్యం చక్కటి గ్రాంథికంలో ఉంది. దానికి జవాబు రాయలేదు. మడిచి జేబులో పెట్టుకుని గట్టు మీదికి వెళ్ళిపోయాను.

ఇదిలా సాగుతుండగా ఆషాఢంలో ఆ వాన వచ్చింది.

దానికి ముందు మీకొకటి తెలియాలి. మా డెల్టాలో ఎక్కడా రాయని చట్టం ఒకటుంది. ఆరబోసిన వడ్ల మీద చినుకు పడితే, ఆ వడ్లెవరివని అడగకూడదు. పరిగెత్తాలి. చీపురైనా, పారైనా, ఏదీ లేకపోతే ఉత్త చేతులతోనైనా కుప్ప చెయ్యాలి. మా నాన్నగారు తన మీద దావా వేసిన పినతండ్రి కళ్ళంలోకి పంచె ఎగ్గట్టి పరిగెత్తడం చిన్నప్పుడు నేను కళ్ళారా చూశాను. కుప్ప చేసి, బరకం కప్పి, ఒక్క మాట మాట్లాడకుండా ఇంటికొచ్చారు. మర్నాడు మళ్ళీ ఇద్దరూ కోర్టులో ఎదురుబొదురు. గింజ తడుస్తుంటే చేతులు కట్టుకుని చూసినవాడిని మా వైపు మనిషి కింద లెక్కకట్టరు.

ఆ మధ్యాహ్నం అన్నాల బెల్లు అయ్యాక పిల్లలు లోపల కూర్చున్నారు. బయట ఎండ మాడ్చేస్తోంది. చూస్తుండగానే పడమట నుంచి మబ్బు కమ్మేసింది. మిల్లులో ఇనప పట్టా మీద గణగణా కొట్టడం మొదలుపెట్టారు. అది వాన గంట. బడి గచ్చు నిండా వడ్లు ఉన్నాయి, దగ్గర నలుగురైదుగురు ఆడవాళ్ళు తప్ప మనుషులు లేరు. మిగతావాళ్ళని మానిపించేశారు కదా.

మా బడి ఒకటే పొడుగాటి హాలు. తడికలతో తరగతులు విడదీసి ఉంటాయి, వాకిలి ఒక్కటే. మిల్లు గుమాస్తా రొప్పుకుంటూ వచ్చి పిల్లల్నందర్నీ పంపమన్నారని చెప్పాడు. ఆ మాట పూర్తికాక ముందే పిల్లలు సగంమంది లేచి నిలబడ్డారు. వాళ్ళని ఎవరూ బలవంతపెట్టనక్కర్లేదు, డెల్టా పిల్లలు. చినుకు వాసనకి కాళ్ళు వాటంతటవే లేస్తాయి. నేను వాకిట్లో అడ్డంగా నిలబడ్డాను.

హెడ్మాష్టారు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "తప్పుకోండి మాష్టారూ. వడ్లండి. తడిసిపోతాయండి."

"పిల్లలు రారండి," అన్నాను. "మనం వెళ్దాం."

"మనమా?"

"మీరు, నేను, మన మాష్టార్లిద్దరూ. నలుగురం ఉన్నాం. అందరం అన్నం తినేవాళ్ళమే కదండీ."

ఆయన నా ముఖంలోకి చూశారు. తరవాత ఆ మెత్తటి మనిషి ఏం చేశారంటే, చెప్పులు విడిచారు, పంచె పైకి దోపారు, నాకంటే ముందు మెట్లు దిగారు. ఆయన మీద నాకున్న కోపమంతా ఆ మూడు మెట్లలో పోయింది. నేను అందర్నీ కూర్చోమని చెప్పి, తలుపు మూసి, బయట గొళ్ళెం పెట్టి, చొక్కా తీసి వాకిలి మేకుకి తగిలించాను.

వాన అప్పటికే పడుతోంది. మాష్టార్లకి కుప్ప చెయ్యడం రాదు. రెండో తరగతి మాష్టారు పారతో ఎత్తిన వడ్లు ఎదురుగాలికి మళ్ళీ ఆయన మీదే పడుతున్నాయి. పని మానిపించినా వాన గంటకి పరిగెత్తుకొచ్చిన ముఠా పెద్ద ఆయన చేతిలోంచి పార లాక్కుని, వడ్లు కుప్పకి ఈడ్చే చెక్క పలక తాడు ఆయన చేతికిచ్చి, ఎద్దులాగా లాగమంది. లాగారు. కిటికీ ఊచలకి అతుక్కుపోయి పిల్లలందరూ చూస్తున్నారు. మా మాష్టారు జారిపడ్డారని ఒక అరుపు, హెడ్మాష్టారి పంచె ఊడుతోందని ఇంకో అరుపు. ఆ వానలో, ఆ కంగారులో, కిటికీల్లోంచి వచ్చిన నవ్వు నాకు ఎంత బలమిచ్చిందో చెప్పలేను. అయినా మనుషులు చాలలేదు. సగం వడ్లు కుప్పకెక్కాయి, బరకాలు కప్పాం. మిగతా సగం నీళ్ళలో తేలుతూ, నేను గీసిన తెల్లగీతల మీద నుంచి పారి, కాలువలోకి పోయాయి.

మేనేజరుగారు గొడుగు కింద నిలబడి అంతా చూశాడు. పిల్లల్ని పంపి ఉంటే ఒక్క గింజ పోయేది కాదండి అన్నాడు. ఆడవాళ్ళని మానిపించకపోయినా పోయేది కాదండి అన్నాను. ఒంటి నిండా ఊక, తడిసిన బనీను, ఇంతకంటే గొప్పగా మాట్లాడే ఓపిక లేదు.

ఊళ్ళో నా పరువు ఆ రోజుతో పోయింది. నేను గచ్చు మీద పనిచేశానన్నది ఎవరికీ గుర్తు లేదు, గొళ్ళెం పెట్టానన్నదే మిగిలింది. టీ కొట్టు దగ్గర నేను వెళితే మాట ఆగిపోయేది. గింజ తడిపిన మాష్టారు అని నాకొక పేరు వచ్చింది. మా అమ్మ అన్నం వడ్డిస్తూ నా ముఖం చూడలేదు. ఆ ఇంటి కోడలిగా ఆవిడ ఎన్ని పోగొట్టుకున్నా, ఎన్నడూ గింజ పోగొట్టుకోలేదు.

"పదిమంది పిల్లల్ని పంపితే ఏం పోయేదిరా?" అంది.

"పదిమంది తల్లుల కూలి పోయేదమ్మా."

 ఆవిడ పెరుగు వేసి, రేపు చొక్కా ఇస్త్రీ చేయించుకో, ఎంక్వయిరీకి పిలుస్తారు అంది. మా అమ్మకి కోర్టుల అనుభవం ఉంది.

పిలిచారు. మేనేజరుగారు నా మీద ఫిర్యాదు పెట్టాడు. పిల్లల్ని గదిలో బంధించానని, యాజమాన్యం మాట ధిక్కరించానని, నష్టానికి కారణమయ్యానని. విచారణకి స్కూళ్ళ డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు బస్సు దిగి, రుమాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చారు. లావుపాటి మనిషి, అలసిపోయిన కళ్ళు. బడి వరండాలో కుర్చీలు వేశారు. ఊరి పెద్దలు కొందరు కూర్చున్నారు. ముఠా ఆడవాళ్ళు గోడ పక్కన నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు, వచ్చారు.

గొళ్ళెం పెట్టిన మాట నిజమేనా అని ఆయన అడిగారు. నిజమేనన్నాను. ఆయన నాకు దారి చూపించబోయారు. ఆ పూట ఉరుములు మెరుపులు ఉన్నాయి కదా, పిడుగు భయంతో పిల్లల్ని ఆపారు కదా, ఆ ముక్క రాసిస్తే అక్కడితో అయిపోతుందని అన్నారు. మంచితనంతోనే అన్నారు. ఉరుములున్న మాట నిజమే కాని, నేను వాటి కోసం ఆపలేదని చెప్పాను. ఎండగా ఉన్నా ఆపేవాడినే అన్నాను. వాళ్ళు ఆ గచ్చు మీద అడుగుపెడితే ఆటకే పెట్టాలి, లేకపోతే పెట్టకూడదు అన్నాను. పక్కనున్న హెడ్మాష్టారు కళ్ళు మూసుకున్నారు.

డిప్యూటీగారు మేనేజరుగారిని పక్కకి తీసుకెళ్ళి మాట్లాడారు. ఏం మాట్లాడారో తెలియదు. బడికి ప్రభుత్వమిచ్చే గ్రాంటు ప్రసక్తి వచ్చి ఉంటుంది. తిరిగొచ్చి నాతో అన్నారు:

"చూడండి మాష్టారూ. మేనేజరుగారు గచ్చు ఖాళీ చేస్తారు. బడి నడిచే రోజుల్లో ఒక్క గింజ కూడా పొయ్యనని సంతకం పెడతారు. మీరు మాత్రం నలుగురి ముందూ తప్పయిందని ఒక్క మాట అనాలి. అంతటితో ఫిర్యాదు వాపసు."

హెడ్మాష్టారు అప్పుడే నా చెవిలో, అనేయండి మాష్టారూ, ఒక్క మాటే కదా అన్నారు. నిజంగా ఒక్క మాటే. అది అంటే ఆటస్థలం పిల్లలది. అనకపోతే ఫైలు పైకి పోతుంది, ఏళ్ళు పడుతుంది, ఈలోగా వడ్లు అక్కడే ఉంటాయి. ఇంత సులువైన లెక్క మా మూడో తరగతి పిల్ల కూడా చేస్తుంది. కాని అనలేకపోయాను. మా తాతగారి స్థలం ఆయన కొన్నాడు, మేడ కొన్నాడు, బడి కొన్నాడు. అమ్మకానికి పెట్టనిది ఒక్కటే మిగిలింది, అది కూడా ఈ రోజు ధర కట్టి అడుగుతున్నాడు. ఇవ్వనంటే నష్టపోయేది నేను కాదు, పిల్లలు. మనిషిని అలాంటి చోట నిలబెట్టడమే నేర్పంటే. ఆయన నేర్పరి.

 వరండా మెట్లు దిగాను. వెళ్ళిపోతున్నాననుకున్నారు, ఎవరో మాష్టారూ అని పిలిచారు కూడా. గచ్చు ఓరన ఆ రోజు తడిసిన వడ్ల కుప్ప ఇంకా ఉంది. రంగు మారి, పులిసిన వాసన కొడుతోంది. కోళ్ళ దాణాకి పోవడానికి సిద్ధంగా ఉంది. వంగి, దోసిలి నిండా వడ్లు తీసుకున్నాను. అవును, వంగాను. గింజ ముందు వంగడానికి మా ఇంట్లో ఎవరూ సిగ్గుపడలేదు. ఆ వడ్లని కళ్ళకద్దుకుని, అందరికీ వినపడేలా, "వానలో నిన్ను ఒడ్డున పడెయ్యలేకపోయాను. తప్పయింది," అన్నాను. వడ్లని కుప్ప మీదనే జాగ్రత్తగా పోసి, చేతులు దులుపుకుని వరండా వైపు తిరిగాను.

"అయిందండి," అన్నాను.

మేనేజరుగారు మొదటిసారి గొంతు పెంచాడు. "అదేంటండీ? చెప్పాల్సింది నాకు కదండీ."

డిప్యూటీగారు రుమాలుతో నుదురు తుడుచుకున్నారు. ఆయనా ఎక్కడో ఒక రైతు కొడుకే అయి ఉంటారు.

"మీరు తడిశారాండీ?" అన్నారు.

గోడ పక్క ఆడవాళ్ళలో ఒకరు కిసుక్కున నవ్వారు. తరవాత పెద్దల్లో ఒకాయన దగ్గు వచ్చినట్టు నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు. ఆయన అంతకు ముందు రోజు దాకా నన్ను చూసి ముఖం తిప్పుకున్నవాడే. డిప్యూటీగారు కాగితం మేనేజరుగారి వైపు జరిపి, కలం మూత తీసి ఇచ్చారు. మేనేజరుగారు తెలివైనవాడు. నలుగురు నవ్విన చోట ఎక్కువసేపు కూర్చోకూడదని ఎరిగినవాడు. సంతకం పెట్టేశాడు. వెళుతూ వెళుతూ నా దగ్గర ఆగాడు.

"అంత బిరుసు పనికిరాదండి మాష్టారు. ఆ వీపు కాస్త వంచడం నేర్చుకోండి."

"వంచితే చదునుగా ఉంది కదా అని దాని మీద కూడా వడ్లు ఆరబోస్తారేమోనని భయమండి," అన్నాను.

మర్నాడు మా పిల్లలు గచ్చు మీద చెడుగుడు ఆడారు. మానిపించిన ఆడవాళ్ళలో కొందర్ని మిల్లు మళ్ళీ పనిలోకి తీసుకుంది. అందర్నీ కాదు. ఆ ముఠా పెద్దని తీసుకోలేదు. ఆమె పెనుగొండ వైపు ఇంకో మిల్లులో పనికి కుదిరింది. వెళ్ళేముందు బడి దగ్గర నా కోసం ఆగి, కూతురు బడి మానదని మాత్రం చెప్పింది. నాకు కృతజ్ఞతలేమీ చెప్పలేదు. చెప్పవలసిన పని కూడా లేదు. ఆమె కూలి నేను తిరిగి తేలేదు.

నేను గెలిచానని మీరనుకుంటే ఆగండి. ఆ ఏడాది వేసవి సెలవులిచ్చే లోపే, ఎలిమెంటరీ స్కూలుకి డ్రిల్లు మాష్టారు అక్కర్లేదని, నా పోస్టు అదనమని యాజమాన్యం రాసి పంపింది. రూలు ప్రకారం అది నిజమే కూడాను. మా తాతగారు పట్టుబట్టి తెచ్చిన పోస్టు అలా పోయింది. నన్ను గోదావరి లంకలో, ఏడో తరగతి దాకా ఉన్న ఒక పంచాయతీ సమితి బడికి పంపారు. పడవ దిగి ఇసుకలో నడిచి వెళ్ళాలి. క్షమాపణ ఒక్కటి తిన్నగా చెప్పి ఉంటే ఉన్నచోటే ఉండేవాడినని బంధువులు లెక్కలు కట్టి చెప్పారు. ఉండేవాడినే. గచ్చు మాత్రం ఏ నెల దాకా పిల్లలది అయి ఉండేదో వాళ్ళు లెక్క కట్టలేదు. నలుగురు నవ్వుతుండగా పెట్టిన ఆ సంతకం వల్ల, నేను వెళ్ళిపోయాక కూడా బడి రోజుల్లో అక్కడ వడ్లు పొయ్యలేదు. సెలవుల్లో పోసుకున్నారు. పోసుకోనివ్వండి, ఎండ ఎవరి సొత్తూ కాదు.

లంకలో బడికి గోడలు సగమే ఉన్నాయి. ఇసుక మాత్రం కావలసినంత ఉంది. మొదటి రోజు డ్రిల్లు పీరియడ్‌కి విజిల్ వేస్తే పిల్లల్లో సగంమంది కూడా రాలేదు. మిగతావాళ్ళేరని అడిగాను. ముందు వరసలో ఉన్న ఒక ఆడపిల్ల చెయ్యెత్తింది.

"హెడ్మాష్టారుగారింటికి నీళ్ళు మొయ్యడానికెళ్ళారండి. రోజూ ఈ గంటలో అదేనండి."

నేను చొక్కా చేతులు పైకి మడుచుకుని, ఆయన ఇల్లెటో చూపించమన్నాను.